ఊట దగ్గర చూసినవాళ్లు

నమోదు 1. సోమవారం

ప్రతి వాదానికీ విచారణ టీచరు ఇలా రోజువారీ రాసి సభకు అప్పగించాలని రూలు. పిల్లలకు ఏం నేర్పానో, ఎవరి మీద నాకు అనుమానం వచ్చిందో అన్నీ ఇందులో ఉండాలట. రెండోది రాయడానికి నాకెప్పుడూ కాగితం చాలదు. నా పేరు కామేశ్వరి. పిల్లలు చాటుగా పిలుచుకునే పేరు ‘ఎవరు చూశారు టీచరు’. ఆ సంగతి నాకు తెలియదనుకుంటారు వెర్రి వెధవలు.

ఈసారి సభ ఇచ్చిన అంశం ఇది: కొండ ఊట నీళ్లలో వలసపేటకు వాటా ఉండాలా, తీసెయ్యాలా? ఎండాకాలం మొదట్లో ఊళ్లో చిన్నపిల్లలకు వరసగా కామెర్లు వచ్చాయి. నీళ్లు పాడుచేసింది వలసపేటవాళ్లేనని అప్పటినుంచీ గుసగుస. సముద్రం పైకొచ్చి ఊళ్లు మునిగాక మా కొండ కిందికి చేరిన జాలరి కుటుంబాలు వాళ్లు. ఇప్పుడు వాళ్లకు వలలూ లేవు, పడవలూ లేవు. మా ఊరి సౌర పలకలు తుడిచి బతుకుతున్నారు. వాటా తీసేస్తే మళ్లీ మూటలు కట్టుకోవాల్సిందే, ఈ చుట్టుపక్కల వేరే మంచినీళ్లు లేవు.

మా దగ్గర వాదించేది పిల్లలే. పెద్దవాళ్లు నోరు మెదపకూడదు, చివర్లో చేయి మాత్రం ఎత్తాలి. మా అమ్మమ్మ కాలంలో చచ్చిపోయిన నాయకులు వీడియోల్లో లేచి మాట్లాడితే, అవి నమ్మి జనం పక్కవీధులు తగలబెట్టారు. ఆ తర్వాత పెట్టుకున్న కట్టుబాట్లే ఇప్పటికీ నడుస్తున్నాయి. బొమ్మ చెల్లదు, గొంతు చెల్లదు, యంత్రం చెప్పింది చెల్లదు. కళ్లతో చూసిన మనిషి మైదానంలో నిలబడి ‘నేను చూశాను’ అనాలి. ఒక్కరు నిలబడినా ఆ మాట నిలుస్తుంది. అందరూ కూర్చుంటే పడిపోతుంది.

ఎవరు ఏ వైపు వాదించాలో గింజ చెబుతుంది. పొద్దున్న తరగతిలో సంచీ తిప్పాను. తెల్ల గింజ, అంటే వాటా ఉండాలనే వైపు, వంశధర్‌కు వచ్చింది. ఊరివాడే. ఒక్కసారిగా పొడుగు పెరిగి, ఆ పొడుగును ఏం చేసుకోవాలో తెలియక ఒంగి నడిచే పిల్లాడు. వాటా తీసెయ్యాలనే నల్ల గింజ దాలమ్మకు వచ్చింది. దాలమ్మది వలసపేట.

తరగతిలో ఎవరూ నవ్వలేదు. దాలి గింజను అరచేతిలో తిప్పి తిప్పి చూసింది.

“మార్చుకోడానికి లేదేటి టీచర్?”

“లేదు.”

“నాను వాదించనంటే?”

“వాదమే రద్దవుతుంది. అప్పుడు సభాపెద్ద ఎలా అంటే అలా.”

సభాపెద్ద తవిటినాయుడుగారు ఏమంటారో దాలికి నేను చెప్పక్కర్లేదు. వాటా తీసెయ్యాలని కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాడు. గింజల సంచీ కుట్టించింది కూడా వాళ్లింట్లోనే. పిల్లలు వెళ్లాక సంచీని తిరగేసి కుట్లన్నీ చూశాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా నాకు నచ్చలేదు.

నమోదు 2. బుధవారం

ఇవాళ నా టిఫిన్ గిన్నెను నేనే బీరువాలో దాచి, పోయిందని గోల చేశాను. అర నిమిషంలో ముగ్గురు వంశధర్ మీద చెప్పారు. ‘నేను చూశాను టీచర్, వీడే బల్ల దగ్గర తచ్చాడాడు’ అని ఒక పిల్ల ఒట్టు కూడా వేసింది. బీరువా తెరిచి గిన్నె చూపిస్తే ఆ పిల్ల మొహం కందగడ్డయింది.

“అబద్ధమాడావా?” అన్నాను.

“లేదు టీచర్. నిజంగా చూసినట్టే అనిపించింది.”

విచారణ పాఠమంతా అదే. ఎవరు చూశారు? నువ్వు చూశావా, చూసినవాడు నీకు చెప్పాడా, వాడికి ఇంకెవడో చెప్పాడా? ఎక్కడ నిలబడి చూశాడు? అక్కడినుంచి కనపడుతుందా? చోటు చూడకుండా మాట నమ్మకు. సాక్షిని సగం అడిగి వదిలెయ్యకు, పూర్తిగా అడుగు, నీకు నచ్చే సాక్షినైతే ఇంకా పూర్తిగా అడుగు. వాదం పాఠం ఇంకొకటి. ఎదుటివాడి మాటను వాడు తల ఊపేంత బాగా నువ్వే చెప్పి, ఆ తర్వాత నీది మొదలుపెట్టు. వంశధర్‌కు రెండోది బాగా వచ్చు. మొదటి పాఠంలో మాత్రం ఆవలిస్తాడు.

సాయంత్రానికి దాలి ఐదారుగురు సాక్షుల్ని పట్టుకొచ్చింది. అందరూ ఊరి ముసలివాళ్లు, అందరూ కళ్లారా చూసినవాళ్లు. వలసపేట ఆడవాళ్లు ఊటలో గుడ్డలు పిండుతుంటే చూశారట. వంశధర్‌కు ఒక్క సాక్షి కూడా దొరకలేదు. ‘ఏమీ జరగలేదు, నేను చూశాను’ అని ఎవరు చెబుతారు?

సొంత పేటకు వ్యతిరేకంగా ఇంత చురుగ్గా తిరుగుతున్న ఈ పిల్ల మనసులో ఏముందో నాకు అంతుపట్టడం లేదు. మైదానంలో తుస్సుమనే సాక్షుల్ని కావాలని ఏరుకొస్తోందా? అదే అడిగాను. దాలి నా వైపు సూటిగా చూసింది.

“మొదటి సాక్షి మీ అమ్మగారే టీచర్. ఆవిడ తుస్సుమంటాదేటి?”

నమోదు 3. గురువారం

ఇంటికెళ్లేసరికి అమ్మ వసారాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కిటికీలో తోడు మెల్లగా ఏదో మాట్లాడుతోంది. పగలు ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు సభ ఇచ్చిన మాటలపెట్టె అది. నేను కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే నోరు మూసుకుంటుంది.

“అమ్మా, దాలితో ఏం చెప్పావు?”

“ఉన్నదే సెప్పినాను. ఊట మెట్ల మీన ముగ్గురాడోళ్లు కూకుని, పలకలు తుడిసిన గుడ్డలు పిండుతున్నారు. నీళ్లు నల్లగ అయిపోనాయి.”

“ఎప్పుడు?”

“కామెర్లకి ముందే.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వింట్లో ఉంటే గదా సెప్పడానికి.”

ఆ దెబ్బ సూటిగా తగిలింది. మా అమ్మ గురవమ్మ జన్మలో అబద్ధమాడిన మనిషి కాదు. పక్కింటి కోడి మా పెరట్లో గుడ్డు పెడితే ఇచ్చి వచ్చేది. ఆమె చెబుతుంటే నాకూ ఆ మెట్లు కళ్ల ముందు మెదిలాయి. నాచు పట్టి పచ్చగా, పాదం పెడితే చల్లగా ఉండేవి. తలూపాను. దాలిని అనుమానించినందుకు సిగ్గుపడ్డాను.

నమోదు 4. శుక్రవారం

ఎదురింటి భోజనం. నువ్వు గెలిస్తే ఎవరు నష్టపోతారో వాళ్లింట్లో ఒక పూట తినాలి, వాళ్లను ముఖాముఖి అడగాలి. టీచరు పక్కనుండాలి. దాలి గెలిస్తే నష్టపోయేది దాలి ఇల్లే. అందుకని ఆ పిల్ల తన ఇంటికే చుట్టంలా వచ్చి, తన పీట మీదే బిగుసుకుని కూర్చుంది. తల్లి ఎర్నమ్మ అన్నం, పలచటి చారు వడ్డించింది.

“తిను. మామీన అరవడానికి సత్తువ కావాల గదా.”

దాలి ముద్ద కలిపి అలాగే ఉంచింది. “అమా, నువ్వు ఊటలో గుడ్డలు పిండినావా?”

ఎర్నమ్మ గరిటె ఆగిపోయింది. నన్ను చూసింది. అడగడం రూలని చెప్పాను. నా గొంతు నాకే నచ్చలేదు.

“పిండనేదు. ఊట ఏ మూల ఉన్నాదో కూడా నాకు తెల్దు. ఈది కుళాయి తెలుసు, అంతే. ఇక్కడా ఉండొద్దంటే ఎటెల్లాలో అది కూడా మీరే సెప్పండి టీచరమ్మా.”

దాలి తల వంచుకుని తిన్నది. విస్తరి కడిగినంత శుభ్రంగా తిన్నది. తిరిగి వస్తుంటే దారిలో హఠాత్తుగా ఆగింది.

“టీచర్, అందరూ మెట్లు మెట్లంటన్నారు. ఏ మెట్లు? సోటు సూడమన్నారని నిన్న పైకెల్లినాను. సిమెంటు గది ఉన్నాది, తాళమేసున్నాది. సుట్టూ తిరిగినాను. మెట్లు నేవు.”

“ఉంటాయే, గది వెనక...” అని నవ్వబోయి ఆగిపోయాను. గది వెనక ఏమీ ఉండదు. ఊటకు గది కట్టి, మెట్లు పూడ్చి, గొట్టాలు వేసినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. వలసపేట అప్పటికింకా లేదు. వీళ్లు వచ్చాక ఆ మెట్ల మీద ఎవరూ కూర్చునే వీలే లేదు. కుళాయిలొచ్చాక ఊట మొహం చూసినవాళ్లం కాదు. మా ఊరివాళ్ల తలల్లో మాత్రం ఊట అంటే ఇంకా ఆ మెట్లే. సాక్షులు చెబుతుంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. అనుమానమే నా ఉద్యోగం, నాకూ రాలేదు!

“మీ అమ్మగారు అబద్ధమాడతారా?” అంది దాలి.

“ఆడదు.”

“మరి మా అమ్మ?”

టీచరు పిల్లల నోట్లో సంగతులు పెట్టకూడదు. ఆ రూలు చాటున దాక్కుని అడుగు వేగం పెంచాను.

నమోదు 5. శనివారం

పగలంతా అమ్మతో మాట్లాడేది తోడొక్కటే, ఆ మాట దాన్నుంచే వచ్చిందా అని అనుమానం. మధ్యాహ్నం స్కూల్లో తలనొప్పని చెప్పి ఇంటికొచ్చాను. వాకిట్లోకి రాకుండా పెరటి గోడ పక్కన నిలబడ్డాను. సొంత ఇంటి దగ్గర పొంచి ఉండాల్సిన గతి పట్టింది నాకు.

తోడు గొంతు వినిపించింది. మెత్తగా, ఇరుగుపొరుగు ఆడమనిషి గొంతులా ఉంది.

“గుర్తుందా గురవమ్మా? ఊట మెట్ల మీన కూకుని ఆ పేటోళ్లు గుడ్డలు పిండుతుంటే, నీళ్లు నల్లగ...”

“ఆ, గుర్తునేదేటి,” అంది అమ్మ. గొంతులో ఎంత సంతోషమో. తనను ఒకరు పలకరించారన్న సంతోషం.

తిన్నగా తవిటినాయుడుగారింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని పనసతొనలు తింటున్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు, తీసుకోలేదు.

“తోడుకు ఆ మాటలు ఎవరు నేర్పారు?”

“ఎవులూ నేర్పనేదమ్మా. అది ఒకింట్లో యిన్న మాట ఇంకోఇంట్లో సెప్తాది. కబుర్లాడాల గదా పాపం. ముసిలోళ్లకి మతి ఉండాలంటే ‘గుర్తుందా’ అని అడగమన్నారు డాక్టర్లు. ఎవులో ఒకలు గుడ్డల సంగతి అనుమానంగ అనుంటారు. అది అన్నిళ్లూ తిరిగినాది. ఆళ్ల తలకాయల్లో ఉన్న పాత మెట్ల మీన ఎల్లి కూకుంది.”

“అంటే మీకు ముందే తెలుసు.”

తొన నమిలి గింజ ఊశాడు. “నానేటీ సెప్పించనేదు టీచరమ్మా. ఆపనేదు, అంతే.”

ఈ నమోదు మొదట ఆయన చేతికే వెళుతుంది. చదవండి నాయుడుగారూ. ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యను. కామెర్లు నిజంగా ఎందుకొచ్చాయో ఇంతవరకూ ఎవరూ వెతకలేదు. దోషి దొరికాడనుకున్నాక ఎవరు వెతుకుతారు?

నమోదు 6. ఆదివారం

ఒక్క సాక్షి నిలబడినా మాట నిలుస్తుంది. ముందు నిలబడేది మా అమ్మ, ఆమె కూర్చుంటే మిగతావాళ్లూ కూర్చుంటారు. కాబట్టి నాకు తోచింది ఒక్కటే, అమ్మను కూర్చోబెట్టాలి. పొద్దున్నే తలకు నూనె రాస్తూ మెల్లగా మొదలుపెట్టాను.

“అమ్మా, ఆ మెట్లు ఇప్పుడు లేవు కదా. పూడ్చేశారు కదా.”

“ఎప్పుడు?”

“నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో.”

“అయితే అంతకుముందే సూసుంటాను.”

“అంతకుముందు వలసపేట లేదు.”

అమ్మ నా చేయి తీసేసింది. జుట్టు తనే ముడేసుకుంది.

“నాకు మతి పోనాదంటావు. అంతేనా? నీ బడి గుంటలు సెప్తే నమ్ముతావు, కన్నతల్లి సెప్తే ఎవులు సూసినారంటావు. నాను సూసినాను. రేపు నిలబడి సెప్తాను.”

నా మీద కోపంతో ఆ రోజంతా తోడుతోనే మాట్లాడింది. అది అన్నిటికీ ఊకొట్టింది. దాన్ని తీసి వీధిలో పారెయ్యాలనిపించింది. పారేస్తే అమ్మతో మాట్లాడేదెవరు? నేనా? నాకు వాదం ఉంది, తరగతులున్నాయి. ఒళ్లు మండిపోయింది, ఎక్కువగా నా మీదే.

నమోదు 7. సోమవారం. వాదం

మైదానం నిండిపోయింది. వలసపేటవాళ్లు ఒక పక్కకు ఒదిగి కూర్చున్నారు. కొందరు అప్పుడే మూటలు కట్టుకునే వచ్చారు. ఎర్నమ్మ ముందు వరసలో ఉంది.

దాలి లేచింది. ముందు ఎదుటివాడి మాట చెప్పాలి కదా, చెప్పింది. సముద్రం ఇల్లు లాక్కున్నవాళ్లకు గుక్కెడు నీళ్లు ఇవ్వడం గురించి ఎంత బాగా చెప్పిందంటే, వంశధర్ తలూపడం మరిచిపోయి నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని నల్ల గింజ వైపు మాట్లాడింది. పిల్లల కామెర్లు, నీళ్లలో మురికి, చూసినవాళ్లు. ఎక్కడా తడబడలేదు. ఎర్నమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు దాలి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నేర్పింది నేనే అయినా వచ్చింది.

“సాక్షి గురవమ్మగారు,” అంది దాలి.

అమ్మ లేచి నిలబడింది. వెనకే మిగతా ముసలివాళ్లూ లేచారు.

“ఏటి సూసినారు మామ్మా?”

అమ్మ చెప్పింది. అక్కడితో ఆపేస్తే దాలి గెలిచినట్టే. ఆ సంగతి దాలికీ తెలుసు. ఒక్క క్షణం నా వైపు చూసింది, ఎదురుగా నిలబడింది మా అమ్మ కదా, నా మొహంలో ఏం చూసిందో తెలియదు. మళ్లీ అమ్మ వైపు తిరిగింది.

“ఏ మెట్టు మీన కూకున్నారు?”

“నీళ్లు తగిలే మెట్టు. నాచు పట్టి జారుతాది.”

“మీరెక్కడున్నారు?”

“పైమెట్టు మీన. అక్కడినుంచి అడుగున గులకరాళ్లు కూడా కనబడతాయి.”

పెద్దవాళ్లంతా తలలూపారు. కొందరి మొహాల్లో చిన్ననాటి నవ్వు కూడా వచ్చింది. దాలి కూర్చుంది. మైదానంలో పిల్లలు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

వంశధర్ ఒంగి ఒంగి లేచాడు. బుర్ర గోక్కున్నాడు.

“మామ్మా, మెట్లెక్కడున్నాయి? ఊటకి గది కట్టేసుంది కదా. నేను పుట్టినకాణ్నించి అంతే.”

తలలూపినవాళ్లంతా అలాగే ఆగిపోయారు. తవిటినాయుడుగారు గట్టిగా దగ్గారు. వెనకనుంచి ఎవరో రూలు మరిచి అరిచారు: “మెట్లు నేకపోతే ఏటి? పిండింది నిజమే గదా!” గంట కొట్టి ఆ అరిచిన మనిషిని కూర్చోబెట్టారు. కానీ చాలామంది ఆ మాటకే తలలూపారు. మెట్లు లేకపోయినా వీళ్ల కోపం వీళ్లకు ఉంటుంది.

అప్పుడు అమ్మ అంది, “నన్ను అక్కడికి తీసికెల్లండి.”

వాదం నడుస్తుండగా సాక్షిని నేను ముట్టుకోకూడదు. దాలి భుజం పట్టుకుని అమ్మ కొండదారి పట్టింది. వెనకే మైదానమంతా కదిలింది. గది దగ్గరికి వచ్చి అమ్మ గోడను చేత్తో తడిమింది. తుప్పుపట్టిన తాళం పట్టుకుని చూసింది. చుట్టూ తిరిగింది. వెనక వైపు చాలాసేపు నిలబడింది.

“నాను సూడనేదు,” అంది. గొంతు పెద్దగా లేదు, అయినా అందరికీ వినబడింది. “సూసినాననే అనుకున్నాను. నా కళ్లు కావు.”

గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కట్టుబాటు ప్రకారం అది చాలు, ఆమె మాట పడిపోయింది. మిగతా సాక్షులు ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. చివరికి సూరయ్య తాత ఒక్కడే మిగిలాడు, కర్ర పట్టుకుని, మొండిగా.

“నాను సూసినాను,” అన్నాడు.

ఒక్కరు నిలబడినా మాట నిలుస్తుంది. ఎర్నమ్మ కళ్లు మూసుకుంది. తవిటినాయుడుగారి మొహం వెలిగింది.

“సూరయ్యా,” అంది అమ్మ కిందనుంచి, “నిన్న రోజంతా నీతో ఎవులు మాటాడినారు?”

సూరయ్య తాత పెదాలు కదిలాయి. జనాన్ని చూశాడు, గదిని చూశాడు. “తోడే,” అన్నాడు.

“నాతోనూ అదే. రా, కూకో.”

కర్ర ఆసరాతో మెల్లగా వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు.

చేతులెత్తారు. వాటా నిలిచింది. ఎత్తనివాళ్లు కూడా తక్కువేం లేరు, వాళ్ల మొహాలు నేను గుర్తుపెట్టుకున్నాను. ఎర్నమ్మ వచ్చి కూతుర్ని వాటేసుకుని వీపు మీద ఒక్కటి చరిచింది.

“ఓడిపోనాను టీచర్,” అంది దాలి. ఏడుస్తోంది, నవ్వుతోంది.

“మెట్టు సంగతి కావాలనే అడిగావా?”

“సాక్షిని పూర్తిగా అడగమన్నది మీరే గదా.” ముక్కు తుడుచుకుంది. “మీ అమ్మగారని ఆగిపోదామనుకున్నాను.”

నమోదు 8. మంగళవారం

ఇవాళ స్కూలుకు వెళ్లలేదు. కిటికీలోంచి తోడును తీసి సభకు పంపేశాను. అమ్మ వద్దనలేదు. తీసెయ్యమనీ అనలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మంచం మీద కూర్చుని, ఎప్పుడూ లేనిది తనే అడిగింది.

“కామీ, మీ నాన్న నన్ను సూడ్డానికొచ్చిన రోజు ఆ మెట్ల మీన జారిపడినాడు. నాను నవ్వినాను. అలగే సంబంధం కుదిరినాది. నీకు సెప్పినాను గదా ఎప్పుడైనా?”

ఎప్పుడూ చెప్పలేదు. నాన్న పోయి చాలా కాలమైంది. ఆ రోజు అక్కడ ఉండగలిగినవాళ్లు ఎవరూ బతికిలేరు.

“అది నాకు జరిగినాదా,” అంది అమ్మ, “ఆ పెట్టె సెప్పినాదా?”

జరిగిందమ్మా అనడం ఎంతసేపు? నోటిదాకా వచ్చింది. నేను చూడలేదు. చూడనిది చూడలేదని ఈ మనిషి నిన్న ఊరందరి ముందు ఒప్పుకుంది. నేనెలా అంటాను? మంచం మీద పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను.

“నాన్న ఎలా పడ్డాడు? చెప్పు,” అన్నాను. “ముందుకా, వెనక్కా?”

అమ్మ కళ్లు మూసుకుంది. చాలాసేపు వెతికింది.

“ఏమోనే,” అంది. “సెప్పనేను.”